నవాగామ్‌లో వెనక నిలబడి అడిగిన ప్రశ్న

సూరత్‌లో నేను చదువుకునే విశ్వవిద్యాలయ ప్రజారోగ్య పరిశోధన సంస్థ నెలనెలా నాలుగు పేజీల వార్తాపత్రిక వేస్తుంది. ఎవరికి పట్టా వచ్చింది, ఏ బస్తీలో శిబిరం పెట్టారు, క్యాంటీన్‌లో ఇడ్లీ మళ్లీ ఎప్పుడు మొదలవుతుంది, అన్నీ అందులోనే. ఈసారి మొదటి పేజీ నాది. మరమగ్గాల కార్మికుల వినికిడి గురించి వాళ్లుండే నవాగామ్ బస్తీలో ఇల్లిల్లూ తిరిగి అడిగాను. వినపడటంలో ఇబ్బంది ఉందని ఒక్కరూ అనలేదు. "సాంచాల హోరు వీరి చెవులను ఓడించలేకపోయింది" అని రాశాను. తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు మరమగ్గాలను సాంచాలంటాయి. ఆ వాక్యాన్ని హాస్టల్ గదిలో ఎన్నిసార్లు పైకి చదువుకున్నానో! శుక్రవారం సాయంత్రం నాలుగింటికి పేజీలు ప్రెస్‌కు వెళ్లాలి. ఆలోగా, వ్యాసం పక్కన ఫొటో వేసుకోవడానికి, ఆ కార్మికుల్లో ఒకరైన మల్లేశం గారి సంతకం కావాలి. అందుకే ఆ ఉదయం బయల్దేరాను.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు ఉదయం ఏడింటికల్లా ఉధనాలో ఉండండి. అప్పుడే షిఫ్టు మారుతుంది, మనుషులు ఇంట్లో దొరుకుతారు. మా హాస్టల్ నుంచి ఉధనా దాకా సిటీ బస్సులో వెళ్లాను. అక్కడి నుంచి డిండోలి వైపు షేర్ ఆటోకు ఇరవై రూపాయలు. ముగ్గురి సీటులో నలుగురం కూర్చున్నాక డ్రైవర్ ఇంకొకాయన్ని ఎక్కిస్తూ "బెన్, థోడా ఖస్‌జో" అన్నాడు, అక్కా కాస్త జరగమని. జరగడానికి తలుపైనా లేదు. ఒళ్లో ప్రూఫ్ కాగితం నలగకుండా పట్టుకుని నవాగామ్ మలుపులో దిగాను.

మల్లేశం గారు షిఫ్టు దిగి వచ్చి గడపలో కూర్చుని చాయ్ తాగుతున్నారు. ఎదురుగా కూర్చుని వ్యాసం చదివి వినిపించాను. నా ముఖమే చూస్తూ మురిసిపోయారు. లోపలి నుంచి ఆయన భార్య రాజవ్వ నవ్వుతూ వచ్చింది.

"ఏంది బిడ్డా, గీయనకు వినబడుతదని ఎవలు చెప్పిండ్రు?"

"ఆయనే చెప్పారక్కా. అడిగినవాటన్నిటికీ టకటకా జవాబిచ్చారు."

"నీ మూతి జూసి ఇచ్చిండు. జర ఎన్కకు వొయ్యి అడుగు."

వెనక్కి వెళ్లి నిలబడ్డాను. "మల్లేశం గారూ, వినపడుతోందా?" ఆయన చాయ్ ఊదుకున్నారు. గొంతు పెంచాను. బన్ను ముంచుకుని తిన్నారు. రాజవ్వ చెంబులో వేళ్లు ముంచి ఆయన మెడ మీద నీళ్లు చిలకరించింది. ఆయన ఉలిక్కిపడి తిరిగారు.

"గిట్లనే పిలుస్త నేను," అంది. "నోటితోని పిలిస్తే పొద్దుమీకుతది."

"మరి ఇబ్బంది లేదన్నారేంటండీ?" ఈసారి ఆయన ఎదురుగా నిలబడి అడిగాను.

"సాంచాల కాడ మాటలెక్కడియి బిడ్డా? పెదవులు జూసుడు, చేతులు జూసుడు, గంతే. నువ్వడిగింది నాకు సమజైంది గదా. ఇగ ఇబ్బందేంది?"

రాజవ్వ మాత్రం నవ్వడం ఆపేసింది. మొన్నొకరోజు వెనక నుంచి టెంపో హారన్ కొడుతుంటే ఆయన రోడ్డు మధ్యలోనే నడుస్తున్నారట. ఎవరో చొక్కా పట్టి లాగారట. "నీ కాయితం సేటు కార్ఖానా గోడకు అంటిస్తడు. చెవులు మంచిగున్నయని సదువుకున్నోళ్లే రాసిండ్రంటడు. ఇగ చెవుల వెట్టుకునేతందుకు దూది గూడ ఇయ్యడు."

సంతకం అడగలేదు. తిరుగు ఆటోలో ప్రూఫ్ వెనక కొత్తగా రాశాను. పదకొండింటికి ప్రసాద్ సర్ ముందున్నాను. పత్రిక చూసేది ఆయనే.

"పేజీ కట్టేశాం అమ్మా. ఒక్క ఇంటి మాట పట్టుకుని ఆపుతావా? వచ్చే నెల సవరణ వేద్దాంలే."

"సవరణను ఏ సేటూ గోడకు అంటించడు సర్."

"మొదటి పేజీ పోతుంది. మొదటిసారి నీ పేరు పడేది."

"పోనివ్వండి. ఇది మాత్రం పడటానికి వీల్లేదు."

"మరి ఆ ఖాళీలో నన్నేం వేయమంటావు?"

కాగితం తిప్పి పెట్టాను. "మేం అడిగిన తీరు తప్పు. పెదవులు చూసి మాట్లాడుకునే వాళ్ల ఎదుట నిలబడి, వినపడుతోందా అని అడిగాం. అందరినీ మళ్లీ పరీక్షిస్తాం."

"సంస్థే తప్పు ఒప్పుకున్నట్టుంది. పైవాళ్లు నన్ను బతకనివ్వరు."

"అడిగింది నేను సర్. కింద నా పేరే వేయండి."

ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నారు. తర్వాత పెన్ను తీసి, "మళ్లీ" పక్కన "పరికరంతో" అని చేర్చారు.

ఆ నెల మొదటి పేజీలో అందమైన వాక్యం ఒక్కటీ లేదు. మాటల మీద ప్రేమ పుట్టిన కొత్తలో, నాకు బాగా నచ్చిన మాటనే కొట్టేయాల్సి వస్తుందని అనుకోలేదు. కొట్టేశాను, చింత లేదు. పత్రిక తీసుకెళ్లి ఇస్తే రాజవ్వ దాన్ని అన్నం మెతుకులతో కార్ఖానా ఎదుటి చాయ్ బండికి అంటించింది, సేటు స్కూటర్ ఆపే చోటికి సరిగ్గా ఎదురుగా. ఆయన రోజూ చూడాల్సిందే. మీరూ ఇలాంటి సర్వేకు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. వినికిడి ప్రశ్న మనిషి వెనక నిలబడి అడగండి. జవాబు రాకపోతే, అదే రాసుకోండి.