పేరు ఇక్కడ, పిల్ల అక్కడ

పానకాలు మాస్టారికి కోపం ముక్కుమీద ఉంటుందని కొత్తపాలెంలో అందరికీ తెలుసు. అది పావుగంటలో చల్లారుతుందనీ తెలుసు, అందుకే ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కాదు. 2003 జూన్‌లో వచ్చిన కోపం మాత్రం చల్లారలేదు. దాన్ని ఒక పదేళ్ల పిల్ల మోయాల్సి వచ్చింది.

ఆయన ఊరి ప్రాథమిక పాఠశాలకు హెడ్మాస్టరు. హెడ్మాస్టరంటే ఏదో పెద్ద హోదా అనుకునేరు. ఐదు తరగతులకూ కలిపి ఇద్దరు పంతుళ్లు, అందులో ఒకరు ఆయన. గంట కొట్టేదీ ఆయనే, మధ్యాహ్నం బియ్యంలో పురుగులు ఏరించేదీ ఆయనే. మిరపకాయ కోతల్లో, పత్తితీతల్లో సగం బడి చేలోనే ఉండేది. ఆ ఇళ్ల చుట్టూ తిరిగి, తల్లుల్ని తిట్టి, మళ్లీ వాళ్లనే బతిమాలి పిల్లల్ని వెనక్కి తెచ్చుకునేవాడు.

కాస్త కలిగినవాళ్లు పిల్లల్ని కాన్వెంటుకు పంపేవారు. పొద్దున్నే ఆటో వచ్చి టైలు కట్టుకున్న పిల్లల్ని కుక్కుకుని పోయేది. మెడకు టై కడితే ఎక్కాలు వస్తాయా అని మాస్టారు నవ్వి ఊరుకునేవాడు. ఆయన్ను గుచ్చింది మూడోరకం బడి. నవోదయ ప్రవేశ పరీక్ష కోసమే పెట్టిన కోచింగ్ అది, నరసరావుపేటలో ఒక మేడ. పైన పడక, కింద చదువు. తెల్లవారకముందే లేపి, ఏ బొమ్మ తిరగేస్తే ఏ బొమ్మ అవుతుందో గీయించేవారు. పాట లేదు, కథ లేదు, పరీక్షలో అడగని ముక్క ఏదీ ఆ గుమ్మం దాటి లోపలికి రాదు. అయినా జనం ఎగబడేవారు. నవోదయలో సీటు వస్తే పన్నెండో తరగతిదాకా తిండీ, బట్టా, చదువూ ప్రభుత్వమే చూసుకుంటుంది. వాన మీద బతికేవాళ్లకు అంతకంటే ఏం కావాలి?

ఆ మేడకు బడిగా గుర్తింపు లేదు. అందుకని ఒక పద్ధతి నడిచేది. పేరు ఊరి బడిలో ఉంటుంది, పిల్ల పేటలో ఉంటుంది. ఇక్కడ హెడ్మాస్టరు రోజూ హాజరు వేస్తూ పోతాడు. తప్పే. కానీ పిల్లలు తగ్గితే రెండో పంతులు పోస్టు ఎగిరిపోతుంది కనుక చుట్టుపక్కల అందరూ చేసేవారు. పానకాలు కూడా చేశాడు. ఆ వారంలోనే బాలు అనే పిల్లాడి పేరు అలా ఉంచాడు.

బాలు పేరు ఉంచిన మర్నాడు బాపయ్య వచ్చాడు. రెండెకరాల మిరప రైతు, ఉదయశ్రీ తండ్రి. ఉదయశ్రీ అంటే మాస్టారికి ప్రాణం. లెక్క బోర్డు మీద సగం రాసేసరికే జవాబు చెప్పేది. బాలుకు ఎక్కాలు నేర్పింది కూడా ఆ పిల్లే. ఆమె కోసం మాస్టారు సెలవుల్లో గుంటూరు వెళ్లి పాత ప్రశ్నపత్రాల పుస్తకాలు కొనుక్కొచ్చాడు. ఐదో తరగతి మొదలవగానే సాయంత్రాలు కూర్చోబెట్టుకుని తానే తయారుచేద్దామని ఆశ. ఊళ్లో నలుగురికీ చెప్పుకున్నాడు కూడా.

పిల్లను పేటలో చేరుస్తున్నామని, పేరు మటుకు ఇక్కడే ఉంచమని బాపయ్య అడిగాడు. మాస్టారి మొహం మాడిపోయింది. లేని పిల్లకు హాజరు వేయనని, దొంగ రాతలు తన ఇంటావంటా లేవని చెప్పాడు.

"బాలు పేరు ఉంచారు గదండీ," అన్నాడు బాపయ్య.

"వాడి సంగతి వేరు. నా దగ్గర చదవని పిల్ల నాకెందుకు? టీసీ రాసిస్తా, పట్టుకుపో."

రాసిచ్చాడు. ఆ టీసీతో కోచింగ్ వాళ్లు ఉదయశ్రీని పేటలోనే ఒక కాన్వెంటు హాజరుపట్టీలోకి ఎక్కించారు. పేరు ఎక్కడుంటే ఏంలే అనుకున్నాడు బాపయ్య.

ఎక్కడుంటే ఏమవుతుందో మాస్టారికి బాగా తెలుసు. నవోదయ సీట్లలో నూటికి డెబ్భై అయిదు పల్లె పిల్లలవి. మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో ఒక్కరోజు పట్నం బడిలో పేరున్నా ఆ పిల్ల పట్నం లెక్కలోకి పోతుంది. ఆ నియమాలన్నీ ఏటా దరఖాస్తులు నింపే ఆయనకు కంఠతా. సంతకం పెట్టేటప్పుడు అది నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

మరుసటి ఏడు పరీక్ష ఫలితాలు వచ్చాయి. బాలుకు పల్లె కోటాలో సీటు వచ్చింది. ఉదయశ్రీకి రాలేదు. పట్నం లెక్కలో ఉన్న పిడికెడు సీట్లకు గుంటూరు, తెనాలి పిల్లలంతా పోటీ మరి.

బడి తెరిచిన రోజు బాపయ్య, భార్య వెంకటేశ్వరమ్మ పిల్లను వెంటబెట్టుకుని వచ్చారు. ఆరో తరగతి ఎక్కడ చేర్పించాలో మాస్టారే చెప్పాలట. పిల్ల చిక్కిపోయింది. బాపయ్య తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, తప్పంతా తనదేనని, మాస్టారిని కాదన్నందుకు దేవుడు చూపించాడని అన్నాడు.

ఆ క్షమాపణ పుచ్చుకుని ఊరుకుంటే సరిపోయేది. వాళ్లకు ఎన్నటికీ తెలిసేది కాదు. మాస్టారికి తన మీద తనకే అసహ్యం వేసింది. కుర్చీలోంచి లేచి నిలబడి నియమం సంగతి మొత్తం చెప్పాడు. టీసీ రాసిన పూట కూడా తనకు తెలుసునని చెప్పాడు.

బాపయ్య తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు. వెంకటేశ్వరమ్మ అంది, "ఆ పూట ఒక్క మాట అనుంటే మేం ఆగిపోయేవాళ్లం గదండీ."

"ఆగేవాళ్లే. నియమం కోసం ఆగేవాళ్లు. నాకోసం ఆగుతారేమోనని చూశానమ్మా."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. యాభై మూడేళ్ల మనిషి, ముప్పై ఏళ్లుగా పిల్లలకు నీతి పద్యాలు చెబుతున్న మనిషి, ఆ చూపుకు తట్టుకోలేక తల దించుకున్నాడు.

ఉదయశ్రీకి ఇదంతా సగమే అర్థమైంది. మాస్టారి మీద కోపం రాలేదు. ఈసారి పేరు ఇక్కడే ఉంచమని అడిగి, "మళ్లీ రాస్తానండి, బొమ్మల లెక్కలు ఒక్కటీ తప్పుపోవు," అంది.

రెండోసారి రాయనివ్వరు. ఆ నియమమూ ఆయనకు తెలుసు.

"రాయకూడదమ్మా," అన్నాడు. "ఎవరికైనా ఒక్కసారే."

 పిల్ల వెళ్లి తల్లి చెయ్యి పట్టుకుని, ఇంటికి పోదాం పదమంది.