వెర్లీన్ సోఫా తొడుగు తీసిన మంగళవారం

డెట్రాయిట్ పడమటి పేటలో వెర్లీన్ ఇంటి ముందుగదిలో అడుగుపెట్టడం కన్నా పరలోకంలో అడుగుపెట్టడం సులువని వీధి వీధంతా అనేది. పరలోకంలో పాపాలు చూస్తారు. వెర్లీన్ పాదాలు చూస్తుంది.

ఆ గదిలో నీలం మఖమల్ సోఫా ఉంది. దాని మీద మందపాటి ప్లాస్టిక్ తొడుగు. ఎండాకాలంలో కూర్చున్నవాళ్లు లేచేటప్పుడు తొడల చర్మం సగం అక్కడే వదిలి లేవాలి. కొంచెం కదిలితే కిర్రుమంటుంది. ప్రార్థన మధ్యలో ఎవరు కదిలారో దేవుడికి వేరే చెప్పనక్కర్లేదు.

సోఫా కొన్నది ఆమె మొగుడు క్లియోఫస్. కార్ల ఫ్యాక్టరీలో నడుం వంగేదాకా పనిచేసి, రిటైరైన రోజున కొన్నాడు. ఇప్పుడాయనకు మిగిలిన కోరిక ఒక్కటే. చచ్చేలోగా ఒక్కసారి ఆ మఖమల్ మీద, తొడుగు లేకుండా కూర్చోవాలి.

"నా శవపేటికలోనైనా మఖమల్ మీద పడుకోనిస్తావా, అక్కడా ప్లాస్టిక్కేనా?" అనేవాడు.

"నువ్వు చొక్కా మీద పులుసు ఒలకబోసుకోవడం మానెయ్, అప్పుడు ఆలోచిస్తా," అనేది వెర్లీన్.

పంతొమ్మిది వందల ఎనభై ఆరులో ఆ ఇంట్లోకి ఒక టీవీ సీరియల్ దారిన హోల్‌బ్రూక్ కుటుంబం వచ్చింది. నల్లవాళ్లే. తండ్రికి సొంత బ్యాంకు, తల్లి జడ్జి, పెరట్లో ఈతకొలను. ప్రతి మంగళవారం సాయంత్రం అరగంటసేపు నవ్వించేవాళ్లు. వెర్లీన్ టీవీ పెద్దది కనుక పక్కింటి ఒజెల్లా తన కొడుకుని వెంటబెట్టుకుని ఇక్కడికే వచ్చేది.

"ఇన్నాళ్లకు మనవాళ్లని మర్యాదగా చూపించారే వెర్లీన్! ఒక్కడి చేతికీ బేడీలు లేవు," అని ఒజెల్లా కళ్లొత్తుకునేది.

మంగలిషాపు నడిపే ఆమె కొడుకు లావెల్‌కి ఒళ్లు మండేది. "ఏం మర్యాదమ్మా? ఆ ఇంట్లో ఒక్కసారన్నా కరెంటు కోశారా? ఆయన పని నుంచి నవ్వుకుంటూ వస్తాడు! అలా వచ్చే మొగాణ్ణి నువ్వెక్కడన్నా చూశావా?"

"మీ నాన్న వచ్చేవాడు కాదట్రా?"

"ఆయన తాగి వచ్చేవాడమ్మా!"

వెర్లీన్‌కి ఈ గొడవ పట్టేది కాదు. ఆమె చూపంతా హోల్‌బ్రూకుల తెల్ల సోఫా మీదే. "బూట్లు! ఆ పిల్ల బూట్లతో ఎక్కింది! తల్లి చూస్తూ నవ్వుతోంది, జడ్జి అట! పచ్చి అబద్ధం. ఏ నల్లతల్లి ఊరుకుంటుందమ్మా?"

క్లియోఫస్‌కి ఇంతకన్నా ఏం కావాలి? "డబ్బున్నవాళ్లు అలాగే కూర్చుంటారే. అందుకే వాళ్లు టీవీలో ఉన్నారు, మనం ప్లాస్టిక్ మీద ఉన్నాం."

ఒక మంగళవారం హోల్‌బ్రూకుల చిన్నది ఆ తెల్ల సోఫా మీద ద్రాక్షరసం గ్లాసు బోర్లించింది. టీవీలో గొల్లున నవ్వులు. జడ్జిగారు పిల్లని ముద్దు పెట్టుకుంది. వెర్లీన్ గుండె పట్టుకుంది. పై వారం చూస్తే సోఫా పాలలా తెల్లగా ఉంది.

"ఎవరు కడిగారు?" అంది వెర్లీన్.

వెర్లీన్ తన రెండు చేతులూ చాపి అందరికీ చూపించింది.

"ఊళ్లోవాళ్ల సోఫాలు తోమి తోమి నా వేళ్లు వంకర్లు పోయాయి. ఆ మరక ఊరికే పోదు. కడిగినదాన్ని ఒక్కసారి చూపిస్తే వీళ్ల సొమ్మేం పోతుంది?"

క్లియోఫస్ ఆ వేళ్ల వంక చూశాడు. ఆ పూట సోఫా ఊసెత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. వారమంతా ఆయన నోరు మెదపకపోయేసరికి వెర్లీన్‌కి తిట్టించుకున్నదానికన్నా ఎక్కువ ఇబ్బందయింది.

తర్వాతి మంగళవారం అందరూ వచ్చేసరికి సోఫా మీద తొడుగు లేదు.

"అరగంటే," అంది వెర్లీన్. "వెనక్కి వాలకూడదు."

క్లియోఫస్ లోపలికెళ్లి చర్చి సూటు వేసుకొచ్చాడు. మెల్లగా కూర్చుని కళ్లు మూసుకున్నాడు.

"ఎలా ఉందయ్యా?"

"ఆగవే. మాట్లాడితే పోతుంది."

ఒజెల్లా, లావెల్ కుర్చీలు టీవీ ముందుకు లాక్కున్నారు. వెర్లీన్ పీచ్ పళ్లతో చేసిన కాబ్లర్ అనే తీపి వంటకం గిన్నెతో మొగుడి పక్కన కూర్చుంది. తెరమీద బ్యాంకు యజమాని సూటుతో సహా ఈతకొలనులో పడ్డాడు. ఎన్నడూ నవ్వని వెర్లీన్ పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. చెంచా పక్కకి ఒరిగింది. పీచ్ పాకం జారి మఖమల్ మీద పడింది.

ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. టీవీలో మాత్రం నవ్వులే నవ్వులు. ఆమె కాక మరకని చూసినవాడు క్లియోఫస్ ఒక్కడే. ఆయన మరకని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. చర్చి సూటుతోనే పక్కకి జరిగి దాని మీద కూర్చున్నాడు.

అరగంట అయిపోయింది. "లే క్లియోఫస్, తొడుగేద్దాం, నేనో చెయ్యి వేస్తా," అంది ఒజెల్లా.

"లేవను."

"మాటంటే మాటేనయ్యా!" అంది ఒజెల్లా మళ్లీ.

"ఇన్నేళ్లు కాచుకుని కూర్చున్నా. నన్ను లేపాలంటే పోలీసుల్ని పిలవండి."

"చూశావా అమ్మా? ఈయనా బ్యాంకు యజమాని అయిపోయాడు!" అంటూ లావెల్ తల్లిని లాక్కెళ్లాడు.

తలుపు పడ్డాక వెర్లీన్ గోరువెచ్చని నీళ్లూ గుడ్డా తెచ్చింది. "ఇక లేవయ్యా."

"లేవలేనే. అంటుకుపోయా."

ఇద్దరూ కలిసి ఆయన్ని ఊడదీశారు. ఆమె మోకాళ్ల మీద కూర్చోబోతుంటే క్లియోఫస్ గుడ్డ లాక్కున్నాడు. "నువ్వు కూర్చో. నేను కడుగుతా."

వెర్లీన్ కూర్చుంది. కాసేపు బిగుసుకుని, ఆ తర్వాత వెనక్కి వాలి, చివరికి చెప్పులతో సహా కాళ్లు సోఫా మీద పెట్టుకుంది.

"రుద్దకయ్యా," అంది కళ్లు మూసుకుని. "అద్దు."