కుంటుతూ బయటికొచ్చేది

ఈ రోజు ధర్మవరంలో క్లినిక్‌కి వెళ్ళి, మా ఆవిడ కోసం కొన్న పెనిసిలిన్ ఇంజెక్షన్ ఒకటి మిగిలితే ఇచ్చాను. చిన్నప్పటి కీళ్ళ జ్వరం ఆమె గుండె కవాటాన్ని పాడుచేసింది. అది తిరగబెట్టకుండా మూడు వారాలకోసారి తుంటికి సూది వేయించాలి. నేను బయట స్కూటర్ దగ్గర ఉండేవాణ్ని.

నర్సమ్మ తల దించుకుంది.

"అక్క ఏడాదిపాటు సూది ఏపిచ్చుకోలేదు సార్. మందు ఈడ పెట్టేసి పోతాండె. నొప్పి తట్టుకోలేనమ్మా, మా ఆయనకు చెప్పొద్దు అనింది."

"మరి కుంటుతూ వచ్చేది కదమ్మా?"

"మీరు చూస్తాంటారని సార్."

చెయ్యి పట్టుకుని స్కూటర్ ఎక్కించేవాణ్ని. ఆ జ్వరం తిరగబెట్టి ఆమె పోయి నాలుగు నెలలు. ఇన్నాళ్ళూ డాక్టర్‌ని తిట్టుకున్నాను. మీవాళ్ళు సూదికి వెళ్తే మీరు లోపలికి వెళ్తారా, నాలాగా బయటే నిలబడతారా?