ఆరడుగుల కర్ర సాక్ష్యం

మా మేనమామ తాపీమేస్త్రీ. ఎవర్నీ నమ్మడు. ఇటుకను వేలితో కొట్టి చెవి పెట్టి వింటాడు. నేను కాలేజీ మానేసి పనిలోకొస్తే, "అక్కడేం వెలగబెట్టొచ్చావో చెప్పు ముందు" అన్నాడు. లెక్కల్లో తప్పానన్నా నమ్మలేదు. ఆయన నమ్మేది తన ఆరడుగుల మట్టపు కర్రనొక్కదాన్నే.

ఆయన కట్టిన ఆసుపత్రి ర్యాంపు మొదట్లో, నేల ముగిసి వాలు వంపుగా మొదలయ్యే అతుకు దగ్గర, స్ట్రెచర్ ప్రతిసారీ ఎగిరిపడుతోంది. శుక్రవారంలోగా సరిచెయ్యకపోతే మిగతా పని వేరే మేస్త్రీకిస్తానన్నారు డాక్టరమ్మ.

"ఇది వాచ్‌మన్ పనే. సుత్తితో కొట్టుంటాడు," అన్నాడు మామయ్య.

"మీ ర్యాంపుతో నాకేం పని మేస్త్రీగారూ? నేను మెట్లెక్కి పోతా," అన్నాడు వాచ్‌మన్.

మామయ్య అతుకుకు అటు సగం, ఇటు సగం వచ్చేలా కర్ర ఆనించి, దానిమీద రసమట్టం పెట్టాడు. "చూడల్లుడూ, వాలు ఎంత ఉండాలో అంతే ఉంది."

"కర్ర కింద సందుంది మామయ్యా."

"వంపన్నాక సందుండదా?"

నేను ఓ చెక్కను మూరెడు, జానెడు, బెత్తెడు ముక్కలుగా కోశాను. నేల వైపు నుంచి పెద్దది మొదలు ఒక్కోటీ పెట్టి, దానిమీద రసమట్టం ఉంచుతూ అతుకు దాకా జరిగాను. రసమట్టంలో బుడగ మధ్యకొచ్చి నిలిచింది. వాలు వైపు నుంచి కూడా అలాగే అతుకు దాకా దిగాను. ముక్క ఎంత చిన్నదైనా బుడగ ఓ గీత పక్కనే ఆగింది, మధ్యకి రానంది.

కాలేజీలో అడిగింది ఇదే. ఒక చోటికి ఎడమ నుంచి చేరే వాలు, కుడి నుంచి చేరే వాలు, అంటే ఎడమ అవధి, కుడి అవధి కలవకపోతే అక్కడ స్పర్శరేఖే లేదు, మడత ఉన్నట్టే. పరీక్షలో రాయలేకపోయాను.

"అయితే నా కర్ర అబద్ధమాడిందా?"

"ఆడలేదు. రెండు కొసల సంగతి చెప్పింది. మధ్య సంగతి దానికేం తెలుసు?"

"నువ్వు వంకరగా కోసుంటావ్." బెత్తెడు ముక్క లాక్కుని, కొసలు తిప్పి మళ్లీ పెట్టాడు. బుడగ అక్కడే ఉంది. ఇంకోసారి తిప్పాడు. తర్వాత ఉలి అందుకుని అతుకు చెక్కడం మొదలెట్టాడు.

శుక్రవారం స్ట్రెచర్ మీద నిండు గ్లాసు నీళ్లు పెట్టి పైకి తోశాను. చుక్క తొణకలేదు. "మిగతాదీ మీరే కానివ్వండి మేస్త్రీ," అన్నారు డాక్టరమ్మ.

మామయ్య మొహంలో నవ్వు లేదు. గ్లాసులోకి వంగి చూశాడు.

"ఇంకా అయిపోలేదు. పైనుంచి కిందికి కూడా తోసుకురా."