కారు వెనక క్యారియర్ మీద సింహాద్రమ్మ ఆంటీ బండి: బెడోక్ నుంచి వుడ్‌ల్యాండ్స్ దాకా

మూడేళ్ళ కిందట నా కారు వెనక హుక్కు బిగించుకుని, దానికి తగిలించే మోటర్‌సైకిల్ క్యారియర్ ఒకటి కొన్నాను. మట్టిదారుల్లో నడిపే బండి కొని, దాన్ని ఈ క్యారియర్ మీద ఎక్కించుకుని, వారం వారం సరిహద్దు దాటి పక్క దేశంలోని జొహోర్ వెళ్ళి విహరిస్తానని అప్పట్లో నా ధీమా. వెళ్ళింది రెండే రెండుసార్లు. రెండోసారి బురదలో బొక్కబోర్లా పడి వచ్చాక బండి అమ్మేశాను. క్యారియర్‌ని మాత్రం ఎవరూ కొనలేదు. టాంపినీస్‌లో మా ఫ్లాట్ స్టోర్‌రూంలో బియ్యం బస్తాల పక్కన నిలబడి ఉండేది. నా భార్య సుజాత దానికి ఇల్లరికపు అల్లుడు అని పేరు పెట్టింది. పని చెయ్యదు, కదలదు, ఇంట్లోంచి పోదు అని.

ఆ అల్లుడికి గత నెలలో పని దొరికింది. మాకు ప్రతి శుక్రవారం పూలమాలలు తెచ్చిచ్చే సింహాద్రమ్మ ఆంటీ బెడోక్‌లో ఉంటారు. వాళ్ళ తాతగారు ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. ఆంటీ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. ఇప్పుడు అరవై మూడేళ్ళు. క్లచ్ లేని చిన్న బండి, ఇక్కడివాళ్ళు కప్చాయ్ అనేది, దాని వెనక పెట్టె కట్టుకుని తెల్లారేసరికి ముప్ఫై ఇళ్ళకి మాలలు అందిస్తారు. మూడు నెలల కిందట ఆవిడ బాత్‌రూంలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. చేతికి కట్టు ఉండగానే బండి తనిఖీ గడువు దాటింది, దాంతో రోడ్ ట్యాక్స్ ఆగిపోయింది. రోడ్ ట్యాక్స్ లేని బండిని తనిఖీకైనా సరే నడుపుకుంటూ వెళ్ళకూడదు, ఎవరైనా మోసుకెళ్ళాలి.

ఆవిడ కొడుకు గణేష్ బండి వదిలేద్దామన్నాడు. ఇక్కడ బండి ఆయుష్షు, పదేళ్ళకోసారి ప్రభుత్వం దగ్గర కొనుక్కునే సర్టిఫికెట్ లెక్కన నడుస్తుంది. ఆంటీ బండికి ఇంకా నాలుగేళ్ళు ఉంది. ఇప్పుడు వదులుకుంటే, ఇవాళ్టి ధరలకి ఇంకో బండి ఆవిడ ఈ జన్మలో కొనలేరు. బస్సులో మాలలు తీసుకెళ్తే నలిగిపోతున్నాయని అప్పటికే పది ఇళ్ళవాళ్ళు మానేశారు. చివరికి తల్లీకొడుకుల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. శనివారం లోపు బండి తనిఖీ పాసైతే ఉంటుంది, లేకపోతే సోమవారం డీలర్ దగ్గరికి పోతుంది.

"నానేటి బండి మీంచి పడ్డానా బాబూ? బాత్‌రూంలో పడ్డాను. మరి బాత్‌రూం కూడా అమ్మేస్తాడేటి?" అన్నారు ఆంటీ మా గుమ్మంలో నిలబడి. సుజాత స్టోర్‌రూం వైపు చూసింది. అంతటితో ప్రయాణం ఖాయమైంది.

ఇక్కడ లారీవాళ్ళని అడిగితే బండిని మోసుకెళ్ళడానికి ఎనభై నుంచి వంద డాలర్ల దాకా చెబుతున్నారు. ఒక్కసారి పనికైతే అదే మేలు. నాలాగా క్యారియర్ కొనే ఆలోచన ఉంటే, మీ కారు హుక్కు ఎంత బరువు మోయగలదో, బయటికి ఎంత పొడుచుకు రావచ్చో డబ్బు కట్టకముందే వర్క్‌షాప్‌లోనూ, నిబంధనల్లోనూ చూసుకోండి. నాది ముప్ఫై కిలోల ఇనుము. ఆంటీ బండి ఇంచుమించు వంద. బండి కారుకి అడ్డంగా నిలబడుతుంది కాబట్టి వెనక దీపాలూ నంబర్ ప్లేటూ కనిపించవు. అందుకని దీపాలతో ఉన్న వేరే బోర్డు, దాని మీద ఇంకో ప్లేటు క్యారియర్‌కి బిగించాలి. ఇవన్నీ శుక్రవారం సాయంత్రం సరిచూసుకుంటూ ఉండగా గణేష్ ఫోన్ చేశాడు.

"అన్నా, వన్ ఫేవర్ లా. పాస్ అయినా ఫెయిల్ అయినా బండి నీ క్యారియర్ మీదే రిటర్న్ రావాలి. అమ్మ నడపకూడదు. కెన్?"

కొడుకు భయం అర్థమైంది. సరేనని నేనూ "కెన్" అనేశాను. బండిని మోసుకెళ్ళడానికి ఒప్పుకున్నవాణ్ణి, మోసుకురావడానికి ఒప్పుకోవడంలో కష్టమేముందని అనుకున్నాను.

శనివారం ఉదయం ఏడున్నరకి ఆంటీ బ్లాక్ కింద కార్ పార్క్‌లో మొదలుపెట్టాం. నేనూ గణేష్ బండిని నెట్టుకొచ్చి, చిన్న ర్యాంపు మీదుగా పైకెక్కించి, చక్రాలు గాడిలో కూర్చోబెట్టాం. గణేష్‌కి ఆఫీసు ఉండడంతో వెళ్ళిపోయాడు. తరువాత పట్టీలు. హ్యాండిల్‌కి రెండు వైపులా తగిలించి, మీట ఆడిస్తూ బిగించుకుంటూ పోవాలి. ముందు స్ప్రింగులు సగం దాకా కుంగితే చాలు. నేను మాత్రం అవి పూర్తిగా కుంగిపోయేదాకా బిగించాను. ఆంటీ గుడ్డ సంచీ ఒకటి చంకలో పెట్టుకుని చూస్తున్నారు.

"అలగ కట్టేస్తన్నావు, అది బండా, దొంగా?" అన్నారు.

"సేఫ్టీ ఆంటీ," అన్నాను బింకంగా. చాలా ఏళ్ళుగా ప్రాజెక్టులు నడిపిస్తున్నవాణ్ణి, పూలావిడ చెబితే వింటానా?

ఎనిమిదింటికి, ఆంటీ మెకానిక్ ఉండే వుడ్‌ల్యాండ్స్‌కి బయల్దేరాం. కారు తోక కిందికి దిగి, ముక్కు పైకి లేచింది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా బండి ఇంకా ఉందా అని అద్దంలో చూసుకునేవాణ్ణి. టాంపినీస్ మీదుగా టీపీఈ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి, అది ఎస్ఎల్ఈలో కలిసే దాకా ఎడమ వరసలోనే డెబ్భై దాటకుండా పోదామని నా ప్రణాళిక. ముప్ఫై అయిదు కిలోమీటర్ల లోపే. మన ఊళ్ళలో ఇంత దూరానికి ఎవరూ ప్రయాణం అనే మాట కూడా వాడరు. కానీ టాంపినీస్ దాటకముందే వెనక నుంచి బూరా ఊదినట్టు ఒకటే హోరు మొదలైంది. అనుమానం పెనుభూతం కదా, హుక్కు ఊడుతోందనే అనుకున్నాను. పెట్రోల్ బంకు కనపడగానే లోపలికి తిప్పేశాను.

హుక్కుకేమీ కాలేదు. గాలికి పట్టీ అదురుతోంది, అంతే. కానీ నేను అంత కసిగా బిగించిన కుడివైపు పట్టీ వదులైపోయి ఉంది. ఆంటీ దిగి వచ్చి, పట్టీని ఒకసారి మెలిపెట్టి, నన్ను బిగించమన్నారు. "నార తిన్నగా ఒగ్గేస్తే ఆడతాది. ఒక మెలి ఉంటే మాట ఇంటాది" అంటూ, మిగిలిన కొసని రెండు చుట్లు తిప్పి ముడేశారు. మాల కట్టే ముడి. రెండు చేతులతోనూ వేశారు, కుడి చెయ్యి కాస్త ఆలస్యంగా కదిలింది. ఆ తరువాత వుడ్‌ల్యాండ్స్ దాకా చప్పుడు లేదు, కదలిక లేదు. నా ప్రణాళికలో మెలి సంగతి లేనేలేదని ఒప్పుకుంటున్నాను.

శనివారం ఉదయాలు వుడ్‌ల్యాండ్స్‌లో సరిహద్దు వైపు కార్లు బారులు తీరి ఉంటాయి. చెక్‌పాయింట్ బోర్డు ఉన్న వరసలోకి పొరపాటున దూరితే మధ్యాహ్నమే బయటపడేది. వుడ్‌ల్యాండ్స్ అవెన్యూ బోర్డు చూసి ముందే దిగిపోండి. మేం తొమ్మిదింటికి పారిశ్రామిక వాడలో రహీమ్ షెడ్డుకి చేరాం. రహీమ్ మలయ్ మనిషి, యాభై దాటినవాడు, ఆంటీ బండికి మొదటి నుంచీ ఆయనే మెకానిక్. ఆంటీని కకాక్ అని, అంటే అక్కా అని పిలుస్తాడు. నాకు అర్థం కాని మలయ్‌లో ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. మధ్యలో నా పట్టీల వైపు చెయ్యి చూపించారు కాబట్టి విషయం తెలిసిపోయింది.

బ్యాటరీ, వెనక టైరు, బ్రేకులు మార్చేసరికి పదకొండున్నర. మొత్తం నూట డెబ్భై డాలర్లు. తనిఖీ కేంద్రం రెండు వీధుల అవతలే ఉన్నా, మళ్ళీ ఎక్కించి, మళ్ళీ కట్టి, మోసుకునే వెళ్ళాం. ఒంటిగంటకి మూసేస్తారు. మా ముందు ఆరు బండ్లు. లైట్లు, బ్రేకులు, పొగ అన్నీ చూసి, పన్నెండుం పావుకి చేతిలో పాస్ కాగితం పెట్టారు. ఆంటీ దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, జాకెట్లో దాచుకున్నారు. తిరిగి షెడ్డుకి వచ్చి బండి దించాం. ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి రోడ్ ట్యాక్స్ ఫోన్‌లోనే కట్టేశాం.

"ముందు మకాన్" అన్నాడు రహీమ్, అంటే తిండి. పక్కనే ఉన్న కాంటీన్‌లో అయిదు డాలర్లకి మీ గోరెంగ్ అనే వేపుడు నూడుల్స్, పైన గుడ్డు, పుల్లగా నిమ్మరసం. బ్రహ్మాండంగా ఉంది. పొద్దున్నుంచీ ఆంటీ ఒళ్ళోంచి దిగని ఆ గుడ్డ సంచీలో టిఫిన్ ఉందని నా నమ్మకం. "ఇంకా అది ఎప్పుడు తెరుస్తారాంటీ?" అని అడిగాను. ఆవిడ తెరిచారు. లోపల హెల్మెట్, చేతి తొడుగులు ఉన్నాయి.

అడకత్తెరలో పోకచెక్క అయిపోయాను. గణేష్‌కి ఇచ్చిన మాట చెప్పక తప్పలేదు. చెప్పాను. ఆంటీ తొడుగులు రెండూ మడిచి హెల్మెట్‌లో పెట్టారు. కోప్పడి ఉంటే తేలికగా ఉండేది.

"ఆడూ నువ్వూ మాటాడుకున్నారు," అన్నారు చివరికి. "బండి నాది, సెయ్యి నాది. నన్నెవులు అడిగారు?"

మా తెలుగు తెలియకపోయినా రహీమ్‌కి సంగతి అర్థమైంది. కాంటీన్ నుంచి వచ్చాక తాళంచెవి తీసి తన జేబులో వేసుకున్నాడు. ముందు బ్రేకు మీటని ఇరవైసార్లు నొక్కి చూపించమన్నాడు. ఆంటీ పెదవి బిగబట్టి నొక్కారు. షెడ్డు ముందు సందులో సుద్దముక్కతో గీత గీసి, మూడుసార్లు వెళ్ళిరావాలి, ఆ గీత మీదే ఆగాలి అన్నాడు.

మొదటిసారి ఆవిడ గీత దాటి రెండడుగులు ముందుకి పోయారు. కుడి చెయ్యి పట్టు జారింది. రహీమ్ తల అడ్డంగా ఊపాడు. ఆ క్షణంలో ఆవిడ ఓడిపోతే బాగుండునని అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం. అప్పుడు నేను ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కరలేదు. బండిని క్యారియర్ మీద కట్టేసుకుని వెళ్ళిపోవచ్చు. ఆంటీ తొడుగు విప్పి, వేళ్ళు దులుపుకుని, మళ్ళీ తొడుక్కున్నారు. రెండోసారి గీతకి జానెడు ఇవతలే ఆగారు. మూడోసారి చక్రం సరిగ్గా గీత మీద ఉంది. ఆ మూడోది నేను ఫోన్‌లో తీసి గణేష్‌కి పంపి, వెంటనే కాల్ చేసి స్పీకర్ పెట్టాను.

"ఎక్స్‌ప్రెస్‌వే కెనాట్, మా. ప్రామిస్," అన్నాడు గణేష్, వీడియో చూశాక.

"సరి. అంత మట్టుకు నీకు ఇస్తన్నాను," అన్నారు ఆంటీ. నా వైపు తిరిగి, "నువ్వు నా ఎనకాల రా బాబూ. హారన్ కొట్టకు" అన్నారు.

ఒకటిన్నరకి బయల్దేరాం. ఈషున్, యోచూకాంగ్, హౌగాంగ్ మీదుగా, సిగ్నల్ తరువాత సిగ్నల్. మొదట్లో నలభై దాటలేదు. భుజాలు బిగుసుకుపోయి ఉన్నాయి. ఈషున్ దాటాక భుజాలు కిందికి దిగాయి. యోచూకాంగ్ దాటేసరికి సిగ్నల్ పడినప్పుడల్లా కార్ల మధ్య నుంచి సులువుగా ముందుకెళ్ళి నిలబడేవారు. నేను పది కార్ల వెనక మెడ సాగదీసి చూస్తూ ఉండేవాణ్ణి. హౌగాంగ్‌లో అలా రెండు సిగ్నళ్ళ పాటు కనిపించలేదు. మలుపు తిరిగాక చూస్తే రోడ్డు పక్క ఖాళీ జాగాలో బండి ఆపుకుని కూర్చుని ఉన్నారు. "ఇంత పెలాన్‌గా వస్తే మాలలు వాడిపోతాయి" అన్నారు. పెలాన్ అంటే నెమ్మది. ముప్ఫై ఏళ్ళ నాటి లైసెన్సు నాది, ఆ మాట పడాల్సి వచ్చింది.

మూడింటికి బెడోక్. గణేష్ సగం పూట సెలవు పెట్టుకుని వచ్చి, కార్ పార్క్‌లో బైకులు పెట్టే చోట నిలబడి ఉన్నాడు. ముందు తల్లిని చూశాడు, వెనక ఖాళీగా వస్తున్న నా క్యారియర్‌ని చూశాడు. మాట తప్పినందుకు ఏమంటాడోనని కారులోంచి దిగకుండా కూర్చున్నాను. అతను బండి దగ్గరికి వెళ్ళాడు.

"మా, యువర్ ఇండికేటర్ స్టిల్ ఆన్ లా," అన్నాడు.

ఆంటీ ఇండికేటర్ ఆపారు. అతను సైడ్ స్టాండ్ వేసి, ఆవిడ హెల్మెట్ అందుకుని, కుడి మణికట్టుని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. ఆంటీ కూడా చెయ్యి లాక్కోలేదు.

ఒకరి బండిని మోసుకెళ్ళడం సాయమే. కానీ ఎక్కడ దించెయ్యాలో కూడా తెలియాలి. నేను బండిని కట్టడం నేర్చుకుని వెళ్ళాను, విప్పడం ఆ రోజు నేర్చుకున్నాను. గణేష్ భయం అబద్ధం కాదు. అది నాకూ ఉంది, ఇప్పటికీ శుక్రవారం ఆవిడ వచ్చి వెళ్ళేదాకా ఉంటుంది. అయినా ఆ తిరుగు ప్రయాణంలో, ఖాళీ క్యారియర్‌తో ఆవిడ వెనక నలభైలో పాకుతూ, నేను చాలా రోజుల తరువాత హాయిగా ఉన్నాను. ఇల్లరికపు అల్లుడి మీద నాకిప్పుడు ఫిర్యాదు లేదు.

ఇక పనికొచ్చే సలహా ఒక్కటే. బండి దించేశాక క్యారియర్‌ని పైకి మడిచి పిన్ను పెట్టడం మరిచిపోకండి. ఖాళీ క్యారియర్ వెనకవాళ్ళకి సరిగ్గా కనపడదు, గుద్దేస్తారు. నేను మరిచిపోయాను. ఈషున్‌లో సిగ్నల్ దగ్గర ఒక లారీ డ్రైవర్ అద్దం దించి అరిస్తే తప్ప గుర్తు రాలేదు. వెనక ఏముందో నేనసలు చూసుకోలేదు, ముందు వెళ్తున్న మనిషిని చూసుకోవడంతోనే సరిపోయింది.