క్యాజువాలిటీలో అమ్మ నా చెయ్యి గిల్లింది

ఆ ఆదివారం మా తమ్ముడు కిరణ్ అన్నం ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టకుండానే దవడలు ఆడిస్తున్నాడు. ఫ్యాన్ కిందే చెమటలు. "ఏంట్రా అది?" అంటే కసిరాడు. మైత్రీవనంలో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కోడింగ్ పాఠాలు చెబుతాడు వాడు. తెల్లవారుజామున మొదలుపెడితే రాత్రి అమెరికా వాళ్ళ ఆన్‌లైన్ బ్యాచ్ అయ్యేదాకా నడుం వాల్చడు. సార్ హుషారు చూడండని స్టూడెంట్లు మెచ్చుకుంటుంటే, అదే దిష్టి తగిలిందని అమ్మ ఉప్పు తిప్పి పారేసింది.

మర్నాడు క్లాసులోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. పంజాగుట్టలో ఒక ఆసుపత్రికి పరుగెత్తాం. బీపీ, హార్ట్‌రేట్ రెండూ విపరీతంగా ఉన్నాయి. ఒళ్ళు కాలిపోతోంది. వాడితో కలిసి పాఠాలు చెప్పే శ్రీను నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, నిద్ర రావొద్దని వాడు ఎండీ తీసుకుంటుండు. గా మత్తుమందు పౌడర్. ఇయ్యాల పొద్దున సుత తీసుకున్నడు."

"ఏమైనా తీసుకున్నాడా?" అని డ్యూటీ డాక్టరమ్మ అడిగింది.

"అయ్యో, మావాడు సిగరెట్ కూడా ముట్టడండీ," అంది అమ్మ, నా చెయ్యి గిల్లుతూ. పోలీసులొస్తారని, ఉద్యోగం పోతుందని అమ్మ భయం. నాకు ఒళ్ళు మండింది. పిల్లాడే పోతే ఇంకెవరి పరువమ్మా కాపాడేది?

"ఎండీ తీసుకున్నాడు మేడమ్, పొద్దున్నే," అని గట్టిగా చెప్పేశాను.

ఇంజెక్షన్ ఇవ్వబోతున్న సిస్టర్‌ను డాక్టరమ్మ వెంటనే ఆపింది. "బీటా బ్లాకర్ వద్దు. లోరజెపామ్ ఇవ్వండి, ఒళ్ళు చల్లబరచండి." తర్వాత నాతో, "గుండె దడకు మేమిచ్చే ఇంజెక్షన్ ఇలాంటప్పుడు ఎదురు తిరగొచ్చు. చెప్పి మంచిపని చేశారు," అంది. ఈసీజీ, గుండెకు దెబ్బ తగిలిందేమో చూసే ట్రోపోనిన్ రక్తపరీక్ష, ఐసీయూ అన్నీ అయ్యాక గండం గడిచింది.

ఇంటికొస్తే అయిపోయిందనుకున్నాం. ఎక్కడ! గోడవైపు తిరిగి పడుకునేవాడు. "బతకాలని లేదక్కా," అన్నాడొకరోజు. వెంటనే సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాను. "ఇది బద్ధకం కాదు, ఆ పౌడర్ మానేస్తే వచ్చే విత్‌డ్రాయల్ డిప్రెషన్. ఒంటరిగా వదలొద్దు," అన్నారాయన. నేను వదల్లేదు. టైలరింగ్ షాపు మూసేసి మరీ కౌన్సెలింగ్‌కు లాక్కెళ్ళాను. రాత్రి బ్యాచ్ మాన్పించాను. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు గొణిగారు. గొణుక్కోనీ!

ఇప్పుడు పొద్దుటి బ్యాచ్ ఒక్కటే చెబుతున్నాడు. నిద్రపోతున్నాడు, కడుపునిండా తింటున్నాడు. మొన్న సైకియాట్రిస్ట్ దగ్గర చెకప్‌కి అమ్మ కూడా వచ్చింది. ఎలా ఉన్నావని డాక్టరడిగితే, "బానే ఉన్నానండీ," అన్నాడు కిరణ్.

అమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. "లేదండీ. పోయిన వారం మళ్ళీ తీసుకున్నాడు, నేను చూశాను. రాసుకోండి."

వాడు తల దించుకున్నాడు గానీ, చెయ్యి విడిపించుకోలేదు. మందులు మార్చి, చికిత్స మళ్ళీ మొదలుపెట్టారు.

మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే ఏం తీసుకున్నారో, ఎప్పుడు తీసుకున్నారో డాక్టర్ దగ్గర దాచకండి. మా అమ్మే చెప్పగలిగిందంటే, మీరూ చెప్పగలరు.