పొయ్యిలు చూసే జవాను

నేను కొండాపూర్‌కు కాపురానికి వచ్చిన కొత్తలో, ఏటా ఎండాకాలం పట్నం నుంచి ఫైరింజన్ జవాను ఒకాయన సైకిల్ మీద వచ్చేవాడు. గడ్డి ఇళ్లన్నీ తిరిగి, నిప్పు మిగిలిందేమోనని ప్రతి పొయ్యి బూడిదలోనూ చెయ్యి పెట్టి చూసేవాడు.

రజాకార్ల గొడవ అణిగిన మరుసటి ఏడు, చేనుకు పోయే తొందరలో ఆయన్ను గడపలోనే ఆపాను.

"నీళ్లు పోసిన అన్నా, సల్లారింది" అని అబద్ధం చెప్పాను.

"సరే చెల్లె" అని నమ్మి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం గాలి లేచింది. మా ఇల్లూ, పక్కింటి ముసలమ్మ ఇల్లూ కాలిపోయాయి. ఆమె దూడ కట్టేసినచోటే చచ్చిపోయింది.

ఫైరింజన్ పెద్దసాబ్ జవానును వెంటబెట్టుకుని వచ్చి, "ఈ పొయ్యి చూసినవా?" అని గద్దించాడు.

జవాను నా వైపు ఒక్కసారి చూశాడు. "చూడలే సాబ్. తప్పు నాదే."

నేను వంగి బూడిదలో గిన్నెలు ఏరుకున్నాను.

మరుసటి ఎండాకాలం వేరే జవాను వచ్చి, పాతాయన్ను నౌకరిలోంచి తీసేశారని చెప్పాడు. అందరితోపాటు నేనూ "అయ్యో" అన్నాను.